మొదటి స్టాప్ దగ్గరే ఆగు

కొత్త విద్యార్థులకు పరిశోధన ఎలా నేర్పుతున్నారో చూసి రమ్మని సంపాదకుడు పంపితే, హైదరాబాద్‌లోని ఒక బయోకెమిస్ట్రీ ల్యాబ్‌కు వెళ్ళాను. ఆచార్యుడు ఉత్సాహంగా యంత్రాల దగ్గరికి దారితీశారు. ఏది ఏ గ్రాంటుతో కొన్నారో వినడం కన్నా, మూల బల్ల దగ్గర ఒక సీనియర్ స్కాలర్ చేతుల్ని చూస్తూ కూర్చోవడమే నయమనిపించింది.

ఆమె పక్కన ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చిన అమ్మాయి. పిపెట్ మీద బొటనవేలు వణుకుతోంది.

"మొదటి స్టాప్ దగ్గరే ఆగు. పీల్చేటప్పుడు రెండో స్టాప్ దాకా నొక్కావంటే ఎక్కువ లాగేస్తుంది."

"అలాగే అక్కా."

100 మైక్రోలీటర్ల నీళ్ళు తీసి త్రాసులో వేస్తే సుమారు 100 మిల్లీగ్రాములు తూగాలి. ఒకసారి 96 వచ్చింది, మరోసారి 104. సగటు సరిగ్గా 100 కదా అని అమ్మాయి సంబరపడబోయింది. అక్క ఒప్పుకోలేదు. వరసగా పదిసార్లు ఒకేలా వచ్చాకే ముందుకు పోదామంది.

ఆ తర్వాత ఫాస్ఫరస్ పరీక్ష. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఇది. ఫాస్ఫేటు, మాలిబ్డేటు కలిసిన ద్రావణంలో క్షయకారిణి వేస్తే నీలం తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. చెయ్యి ఎక్కడ తప్పిందో ఆ రంగును కొలిచి గీసే గ్రాఫు దాచదు, చుక్కలు సరళరేఖ మీద కూర్చోవు. కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి పరీక్ష నాకైతే తోచదు.

ఫాస్ఫరస్ అసలు వేయని గొట్టం, అంటే అమ్మాయి బ్లాంకు కూడా లేత నీలంగా వచ్చింది. అక్క కోప్పడలేదు. గొట్టాలు ఎవరు కడిగారు, ఏ పొడితో కడిగారు అని అడిగింది. ఫాస్ఫేటు ఉన్న సబ్బు కాస్త మిగిలినా చాలు, రంగు వచ్చేస్తుంది. ఆ సంగతంతా తేదీతో సహా నోటుబుక్కులో రాయించింది. తప్పు రీడింగు కొట్టేయాలంటే ఒక్క గీతే గీయాలి, కింద అంకె కనబడాలి. వైట్‌నర్ ఆ బల్ల దగ్గరికి రాకూడదు.

బయట టీ తాగుతున్న మరో స్కాలర్ గొణుగుడు చెవినపడింది: "కమిటీ ముందు స్లయిడ్లు వేస్తూనే ఉన్నాం. నోటుబుక్కు తెరవమని ఒక్కరూ అడగలేదు."

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో స్కాలర్ పరిశోధన సలహా సంఘం ముందు తన పురోగతి చెప్పాలి. మంచి నియమమే. కానీ స్లయిడ్ల మీదికి ఎక్కేది కుదిరిన ప్రయోగం. బ్లాంకు నీలంగా వచ్చిన పూట నోటుబుక్కులోనే ఉండిపోతుంది, విద్యార్థి ఎంత ఎదిగాడో చెప్పే ఆధారాలు అక్కడే ఉన్నాయి. ఇక నేర్పే భారం సంగతికొస్తే, ప్రొఫెసరు దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు అని నిబంధన పెట్టిన పరిమితి పీహెచ్‌డీ వాళ్ళకే. ప్రాజెక్టుకు వచ్చే పిల్లల బరువంతా ఇలాంటి అక్కల మీదే పడుతోంది. వాళ్ళ థీసిస్‌లో ఈ పని గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు.

స్కాలర్లకు వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పని అప్పగించవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. జూనియర్లకు నేర్పే సమయాన్ని విశ్వవిద్యాలయాలు అందులో జమకట్టాలి. సలహా సంఘాల పెద్దలు వచ్చే సమీక్షలో స్లయిడ్ల కన్నా ముందు నోటుబుక్కు అడగాలి. ఈ రెంటికీ పైసా గ్రాంటు అక్కర్లేదు.