అడ్మిన్ తాళం ఎవరి దగ్గరుండాలి?

గతేడాది ఓ శుక్రవారం సాయంత్రం. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టేసి లిఫ్ట్ దగ్గర నిల్చున్నా. సేల్స్‌లో పనిచేసే ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దుట్నుంచి వెబ్‌సైట్‌లోంచి ఒక్క లీడ్ కూడా రాలేదన్నా. ఏమైనా మార్చారా?"

నేనైతే ఏమీ మార్చలేదు. వెనక్కి వెళ్లి కూర్చున్నా.

మాది మాదాపూర్‌లో ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్ కంపెనీ. నేను ఐటీ టీమ్‌లో సేల్స్‌ఫోర్స్ చూసేవాణ్ని. కస్టమర్ల వివరాలు, డీల్స్, రెన్యువల్స్ అన్నీ అందులోనే ఉంటాయి. మాతోపాటు రెవెన్యూ ఆపరేషన్స్ అని ఇంకో టీమ్ ఉంది. రెవ్ఆప్స్ అంటాం. సేల్స్, మార్కెటింగ్, కస్టమర్ సపోర్ట్ ఒకే పద్ధతిలో నడిచేలా, లెక్కలు కలిసేలా చూడటం వాళ్ల పని. అడ్మిన్ యాక్సెస్ మాలో ముగ్గురికి, వాళ్లలో ఇద్దరికి ఉండేది. పదిమందిలో పాము చావదంటారు కదా, అలా ఉండేది మా వ్యవహారం.

రెండు గంటలు వెతికితే దొరికింది. ఇన్‌వాయిస్‌ల్లో జీఎస్టీ నంబర్లు తప్పు పడుతున్నాయని అకౌంట్స్ వాళ్లు గోల పెడితే, రెవ్ఆప్స్‌లో ఒకావిడ ఓ వ్యాలిడేషన్ రూల్ పెట్టారు. 15 అక్షరాల జీఎస్టీ నంబర్ లేకపోతే రికార్డు సేవ్ కాదు. ఆలోచన మంచిదే. కానీ మా వెబ్‌సైట్ ఫారంలో ఆ ఫీల్డే లేదు. పైగా అమెరికా కస్టమర్ జీఎస్టీ నంబర్ ఎక్కణ్నుంచి తెస్తాడు?

ఆ రోజు 43 లీడ్లు ఆగిపోయాయి. లాగ్స్ తవ్వి 36 వెనక్కి తెచ్చాం. ఏడు పోయాయి. నెలాఖరుకి ఆ తమ్ముడి టార్గెట్‌కి సరిగ్గా ఒక్క డీల్ తక్కువైంది. ఇన్సెంటివ్ రాలేదు. ఆ ఏడింట్లో అతని డీల్ ఉందో లేదో ఎప్పటికీ తెలీదు.

సోమవారం మా మేనేజర్ పిలిచి, "సిస్టమ్ మన దగ్గరే ఉండాలని ఒక పేజీ నోట్ రాయి" అన్నారు. కోపం మీదున్నానేమో, అరగంటలో రాసేశా. రెవ్ఆప్స్ వాళ్ల యాక్సెస్ మొత్తం తీసేయాలని తేల్చేశా. పంపేముందు రుజువుల కోసం టికెట్లు తెరిచా.

అక్కడ కనిపించింది. జీఎస్టీ నంబర్ చెక్ పెట్టమని ఆవిడ పెట్టిన టికెట్. నా పేరు మీదే ఉంది. పదకొండు రోజులుగా నేను తెరవలేదు. రెండుసార్లు గుర్తు కూడా చేశారు. చూసీ చూసీ ఆవిడే చేసుకున్నారు.

ఆ నోట్ డిలీట్ చేశా.

ఒకప్పుడు ఈ గొడవ ఇంతగా ఉండేది కాదు. సర్వర్ ఐటీ గదిలో ఉండేది, తాళం ఐటీ దగ్గరే ఉండేది. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ లాంటివి వచ్చాక, బ్రౌజరూ నెలవారీ చందా ఉంటే చాలు, సేల్స్ వాళ్లే సిస్టమ్ కొనుక్కోగలిగారు. వాడే వాళ్లకి అవసరం తెలుసు. మాకేమో ఏ వైరు లాగితే ఏ దీపం ఆరిపోతుందో తెలుసు. ఒక్కరికే మొత్తం ఇచ్చేస్తే రెండో తెలివి పోతుంది.

రెండో నోట్‌లో ఇలా రాశా. సిస్టమ్ ఏం చేయాలి, ఏ పని ముందు అన్నది రెవ్ఆప్స్ మాట. ఎవరికి యాక్సెస్, దేనితో కనెక్షన్, లైవ్‌లోకి ఎప్పుడు అన్నది ఐటీ మాట. రిపోర్టులు, డాష్‌బోర్డులు వాళ్లే మార్చుకోవచ్చు. రూల్స్, ఆటోమేషన్లు మాత్రం శాండ్‌బాక్స్‌లో టెస్ట్ అయ్యాకే. రాసినవాళ్లు వాళ్లకి వాళ్లే లైవ్‌లోకి పంపుకోకూడదు. శుక్రవారం ఏదీ పంపకూడదు. టికెట్‌కి రెండు పనిదినాల్లో ఐటీ జవాబివ్వాలి. చివర్న, ప్రతి సిస్టమ్ పక్కనా ఒక్కరి పేరే ఉండాలి.

నా టికెట్ సంగతి కూడా రాశా. మా మేనేజర్ మొహం మాడ్చుకున్నారు. "ఇది నీ అప్రైజల్‌కి మంచిది కాదు" అన్నారు. అయినా పైకి పంపారు.

ఒప్పుకున్నారు. సేల్స్‌ఫోర్స్ పక్కన రాయడానికి ఒక్క పేరు కావాల్సొచ్చింది. నన్నే రెవ్ఆప్స్‌కి మార్చారు. అంటే లైవ్‌లో నా అడ్మిన్ యాక్సెస్ తీసేయాలి. ఆ రిక్వెస్ట్ నేనే పెట్టా. సబ్మిట్ నొక్కేటప్పుడు, అబద్ధమెందుకు, చెయ్యి కాస్త ఆగింది.

ఇప్పుడు నేను రాసిన మార్పుల్ని పాత టీమ్ వాళ్లు చూసి పంపుతారు. పోయిన వారం ఒకటి తిప్పి పంపారు. "విదేశీ కస్టమర్లని మర్చిపోయావు" అని కామెంట్. అది ఆవిడకి చూపిస్తే, కుర్చీ ఇటు తిప్పి, "ఇంక మనిద్దరికీ చెల్లు" అన్నారు.

ఆ తమ్ముడికి మాత్రం నేనింకా బాకీనే.