కొట్టేసిన అంకె

మా మనవరాలు ఈమధ్యే హైదరాబాదులో పరిశోధనకి చేరింది. విత్తనాల మీద. మొన్న సెలవులకి వచ్చి, "తాతయ్యా! ప్రయోగాల లెక్కలు నోటుబుక్కులో రాయనా, టాబ్లెట్లో రాయనా?" అని అడిగింది. టాబ్లెట్టంటే తలనొప్పికి మింగేదే అనుకునేటంత వెనకబడి లేను లెండి. పలకలాంటి ఆ వస్తువు మా యింట్లోనూ ఒకటుంది. అయినా, "నోటుబుక్కే" అన్నాను ఠక్కున.

అనడమేగాక పురాణం విప్పాను. మేరీ క్యూరీ నోటుబుక్కులు పారిస్ జాతీయ గ్రంథాలయంలో సీసపు పెట్టెల్లో ఉన్నాయి. వాటికంటుకున్న రేడియం సగమవడానికే 1600 ఏళ్ళు పడుతుంది. ఏ డిస్కుకుందే అంత ఆయుర్దాయం? అన్నాను.

"అది రేడియం ఆయుర్దాయం తాతయ్యా, పుస్తకానిది కాదు."

పోనీ డార్విన్ సంగతి చూడమన్నాను. 1837లో జీవవృక్షం బొమ్మ గీసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ ఉంది కదా! "ఉంది. కేంబ్రిడ్జి లైబ్రరీలో ఇరవయ్యేళ్ళు కనబడకుండా పోయి, 2022లో ఎవరో గులాబీరంగు సంచీలో పెట్టి వదిలిపోతే దొరికింది" అంది. ఈ కాలం పిల్లలకి అన్నీ తెలుసు.

ఇక సొంత కథ చెప్పక తప్పింది కాదు. 1992లో మా ఆఫీసుకి కంప్యూటరొచ్చింది. కొత్త మోజు. నా లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి, సొంత నోటుబుక్కులన్నీ పాతకాగితాలవాడికి కిలోల లెక్కన తూచేశాను. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి ఫ్లాపీలకి బూజు పట్టింది. ఇప్పుడు బాగున్నా వాటిని చదివే యంత్రాన్ని ఎక్కడ వెతకను? మిగిలింది ఒకే ఒక్క నోటుబుక్కు. అదీ నా ముందుచూపు వల్ల కాదు. వెనక ఖాళీ పేజీల్లో మా ఆవిడ పాలలెక్క రాసుకోబట్టి.

దాన్ని తెచ్చి మనవరాలి ముందు పెట్టాను. ఫ్లాపీల గోడు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఏ బుద్ధి పుట్టిందో, 1984 నాటి పేజీ తీశాను.

వేపాకు పొడి కలిపి దాచిన వరి విత్తనాలు. నాలుగు వందల గింజలు, వందేసి చొప్పున తడికాగితాల మీద. మొలకలు 66, 62, 68. నాలుగోది 46. దాని మీద ఒక్క గీత, పక్కన 64, నా పొట్టి సంతకం, తేదీ. తప్పు దిద్దే పద్ధతి మా గురువుగారు నేర్పినట్టే ఉంది: చింపకూడదు, చెరపకూడదు, కింది అంకె కనబడాలి, కారణం రాయాలి. కారణమొక్కటే లేదు.

అచ్చయిన వ్యాసంలో 64 ఉంది. ఫ్లాపీలోనూ 64 ఒక్కటే ఎక్కించాను. 46 బతికున్నది ఈ పేజీలోనే.

"మా టాబ్లెట్లోనూ పాత అంకె పోదు తాతయ్యా. ఎవరు మార్చారో, ఏ తేదీన, ఎన్ని గంటలకో దానంతటదే రాసుకుంటుంది. మేం వాడేది కారణం రాస్తేగాని ముందుకి పోనివ్వదు కూడాను" అంది. అని, కాస్త ఆగి, "ఎందుకు మార్చారు?" అంది.

అంకెలు తారుమారు రాశాడనుకున్నానని చెప్పాను.

"మళ్ళీ లెక్కపెట్టారా?"

పెట్టలేదు. మొలకలు మర్నాటిదాకా అక్కడే ఉన్నాయి. వంద మొలకలు లెక్కపెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ లెక్కపెట్టినవాడు అయిదో క్లాసు చదివిన అటెండరు. నేను డాక్టరేటు చేసినవాణ్ణి. పైగా 64 అయితే నా వేపాకు గెలుస్తుంది. ఈ మాటలు ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. ఆ పిల్లతో అనేశాను. ఆ అటెండరు ఇప్పుడు లేడు.

మనవరాలు ఏమీ అనలేదు. టాబ్లెట్టు తీసి ఆ పేజీకి ఫోటో తీసుకుంది.

ఇంతలో మా ఆవిడ వచ్చి, నోటుబుక్కు లాక్కుని, వెనక పేజీలు తిరగేసి, "ఇదుగో, ఏడో తారీఖున పాలు పొయ్యలేదు. అయినా డబ్బులిచ్చాను. అప్పుడే రాసి పెట్టా" అంది.