ఆవాల కోసం కొత్వాల్ చావడికి

వేసవి వచ్చిందంటే ఆవకాయ సరుకులకు పారీస్ కార్నర్ వైపు వెళ్ళడం మా ఇంట్లో మూడు తరాల అలవాటు. సైదాపేటలో కిరాణా కొట్లు లేక కాదు. ‘ఆవాలు అక్కడివైతేనే ఘాటు’ అనేది మా అమ్మ. అమ్మ పోయాక ఇదే మొదటి వేసవి. ఈసారి నాతో మనవరాలు బయల్దేరింది. ఎనిమిదో తరగతి. వంటింట్లో వాడే ఇంగ్లీషు మాటలు కొన్ని ఎంచుకుని వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసుకు రమ్మన్నారట బడిలో.

“నువ్వు ఇంగ్లీషు టీచరువి కదా అమ్మమ్మా, దారిలో చెప్పెయ్” అంది.

ముప్పై ఏళ్ళు చెప్పాను లెండి ఇంగ్లీషు. నా చేతిసంచిలో అమ్మ ఊరగాయ కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఉంది. మెట్రోలో కూర్చున్నాక పిల్ల చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి “ఏం రాసుంది?” అని అడిగింది. తమిళం చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, హిందీ కూడబలుక్కుంటుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం రాదు. ఎవరిననాలి? ఊళ్ళో పిల్లలందరికీ ఇంగ్లీషు నేర్పినదాన్ని నేనే కదా.

హైకోర్టు స్టేషన్లో దిగి గోవిందప్ప నాయకన్ వీధికి నడిచాం. కొత్వాల్ చావడి కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయింది గానీ, దినుసుల వ్యాపారం ఈ చుట్టుపక్కల ఇంకా సాగుతూనే ఉంది. కన్యకా పరమేశ్వరి గుడి ఈ పేటలోనే. చేతిబండ్లు, గోనె బస్తాలు, ‘పక్కకు జరగమ్మా’ అనే కేకలు. కళ్ళు మూసుకున్నా ఏ కొట్టు ముందున్నామో ముక్కు చెబుతుంది. మిరపకాయల బస్తాలు దాటేసరికి పిల్ల ఏడు తుమ్ములు తుమ్మింది.

బోర్డుల మీద ‘స్పైసెస్’ అని చూసి, ముందు అదేమిటని అడిగింది. లాటిన్‌లో ‘స్పీషీస్’ అంటే రకం. రకరకాల సరుకు అన్న అర్థంలోంచి సుగంధద్రవ్యాలకు ఆ పేరు నిలిచి, ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ‘స్పైస్’ అయింది. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. మనం దినుసులు అంటాం. దినుసు అరబ్బీ ‘జిన్స్’ నుంచి వచ్చింది. దాని అర్థం కూడా రకమే! అమ్మ పుస్తకంలో మొదటి పుట పైన ‘సంబారాలు’ అని ఉంది. అది సంస్కృతంలోని సంభారం, అంటే పోగు చేసుకున్న సామగ్రి. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఈ మూడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు.

కొట్లో పెద్దాయన “ఎన్నమ్మా, కడుగా?” అన్నాడు. తమిళంలో ఆవాలు కడుగు. బెజవాడ నుంచి మా ఆడపడుచు వచ్చినప్పుడు మా అమ్మాయి “అత్తా, కడుగు ఎక్కడ పెట్టావు?” అని అడిగితే, ఆవిడ గిన్నె తీసుకుని కడగడానికి లేచింది. మా ఇళ్ళల్లో మాటలు అలా ఉంటాయి, మీకు తెలియనిది కాదు.

“మస్టర్డ్?” అంది పిల్ల, పెన్ను తీసి. ఆ మాటలో నిజానికి ఆవగింజ లేదు. లాటిన్‌లో ‘ముస్తుమ్’ అంటే అప్పుడే పిండిన ద్రాక్షరసం. ఆవపిండిని ఆ రసంలో కలిపి నూరిన ముద్దకు ఆ పేరు వచ్చింది, ఆనక గింజకు పాకింది. మనకు తిరకాసుగా జరిగింది. గింజ పేరు ఆవ, దానివల్ల పచ్చడి ఆవకాయ, కూర ఆవపెట్టిన కూర.

నేను ఆవకాయ అనగానే పెద్దాయన తెలుగులోకి మారిపోయాడు. “ఆవకాయకామ్మా? అయితే ఈ సన్నావాలు తీసుకోండి” అని గుప్పెడు తీసి చూపించాడు. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడట.

మిరపకాయల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాం. మన పిప్పలి గ్రీకువాళ్ళ దగ్గర ‘పెపెరి’, రోమన్లకు ‘పైపర్’, ఇంగ్లీషువాళ్ళకు ‘పెప్పర్’ అయింది. అయితే పేరు పిప్పళ్ళది, ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది మిరియాలు. ఆ మిరియాల కోసమే 1492లో కొలంబస్ ఓడ ఎక్కి, ఇంకో ఖండంలో దిగి, అక్కడి కారపు కాయ తెచ్చాడు. దానికీ పెప్పరనే పేరు పెట్టేశారు. ‘చిల్లీ’ అనేది మెక్సికోవాళ్ళ నవాత్ల్ మాట. ఆ కాయ పోర్చుగీసువాళ్ళ వెంట మన రేవులకు దిగినప్పుడు మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మిరియం పేరే తగిలించి మిరప అన్నారు. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ అన్నారు, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి.

“మిరపకాయ మనది కాదా?” పిల్ల నిజంగానే బాధపడింది. గుంటూరు దాకా పరువు పోయినట్టు మొహం పెట్టింది.

మదరాసు దొరలకు చారు అలవాటైంది. మిళగు తణ్ణీరు అంటే మిరియాల నీళ్ళు. దొరల నోట అది ‘మల్లిగటానీ’. మిగతా రాజధానుల దొరలు వీళ్ళను ‘మల్స్’ అని ఎగతాళి చేసేవారని 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఉంది. చారు తాగినందుకు ఊరంతటికీ పేరుపడిందన్నమాట.

మెంతులు కట్టించాం. ‘ఫెనుగ్రీక్’ అంటే గ్రీకు గడ్డి, అంతే. మా ఆవకాయలో ఇంగువ వెయ్యం గానీ ఇంటికి కావాలి. ‘ఆసఫెటిడా’ అంటే పారశీకపు జిగురుకు లాటిన్ కంపు తోడైంది. తినేదానికి కంపు అని పేరెవరైనా పెడతారా? 2020లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఇంగువ మొక్కలు నాటారు. అది ఫలించేదాకా మనది అఫ్గాను, ఇరాను ఇంగువే.

టిఫినుకు కూర్చుంటే దోశలోకి కెచప్ అడిగింది. నాకు ఒళ్ళు మండింది. అదీ పాఠంలో ఉందట! చైనా హొక్కియెన్ మాటలో అది చేపల ఊట. ఇంగ్లీషువాళ్ళు పుట్టగొడుగులతో చేసుకున్నారు, టమాటా కలిసింది పందొమ్మిదో శతాబ్దంలో. చేపల నీళ్ళని తెలిశాక పిల్ల మెల్లిగా చట్నీ వైపు జరిగింది.

అక్కడే అమ్మ పుస్తకం తీసి కొలతలు చదివాను, అది తమిళ అక్షరాల్లో రాసుకుంది. ‘ఆవపిండి, కారం సమానం. ఉప్పు ఒక గిద్ద తగ్గించి.’ గిద్ద అంటే ఏమిటో చేత్తో చూపించాను.

కాయలు కోసి కలిపి జాడీకెత్తాం. ‘కాండిమెంట్’ అనే మాటకు మూలం లాటిన్ ‘కొందీరె’, నిలవ ఉండేలా ఊరవెయ్యడం. ‘సీజనింగ్’ అనేదీ పాత ఫ్రెంచిలో పక్వానికి తేవడమేనని పిల్లకు చెప్పింది ఆ రోజే.

మూడోరోజు తిరగకలిపి రుచి చూస్తే ఉప్పు చాలలేదు. “ఎంత వెయ్యమంది ముత్తమ్మమ్మ? నీ కాగితం చూడు” అన్నాను. చదివింది.

“ఒక కిత్త తగ్గించి.”

“కిత్తా?”

తమిళంలో క, గలకు ఒకటే అక్షరం, త, దలకూ ఒకటే. తను రాసుకున్నదే తనకు తిరిగి కిత్త అయి కూర్చుంది. అమ్మ పుస్తకం తెచ్చి ఆ పుట తెరిచి వేలు పెట్టి చూపించాను. కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది.

“ఇందులో గ ఏది అమ్మమ్మా?”

కారపు చేతులతోనే పెన్సిలు పట్టుకుని కాగితం అంచున గ రాశాను. కింద తను నాలుగుసార్లు దిద్దింది. తర్వాత ఉప్పు ఇంకో గుప్పెడు వేసి జాడీకి వాసెన కట్టాం.