అరుగుమీది పెద్దలు

చీరాలలో రైలు దిగి, స్టేషను వెలుపల ఇడ్లీబండి వద్ద ఫలాహారము ముగించుకొని, పోవలసిన ఊరికి ఆటో మాట్లాడుకొనుచుండగా, దారిలోనే వేటపాలెము కలదనియు, అచ్చట కాసేపు నిలుచుట నేను వచ్చిన పనికి అప్రస్తుతము కాదనియు తోచినది. ఆ పని యేదనగా, ఆ చుట్టుపట్ల నేతగాండ్ర గ్రామమొకదానిలో (ఊరిపేరు వ్రాయవలదని వారే కోరిరి) చిరకాలముగా పఠనమందిరమును, పిల్లలకు సాయంకాలపు చదువును నడుపుచున్న సేవాసంఘమువారు తమ కార్యవర్గమునకు తోడుగా యువనాయకత్వ మండలి నొకదానిని నెలకొల్పదలచి, తొలి సమావేశమునకు నన్ను రమ్మనిరి. పిలిచినవారు సంఘాధ్యక్షులు, విశ్రాంత తెలుగు పండితులు, నాకు ముప్పది యేండ్ల మిత్రులు.

వేటపాలెమనగానే జీడిపప్పు జ్ఞప్తికి వచ్చువారే యెక్కువ. నాకు మాత్రము సారస్వత నికేతనము జ్ఞప్తికి వచ్చును. 1918 అక్టోబరు 15వ తేదీన ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు హిందూ యువజన సంఘము అండతో స్థాపించిన గ్రంథాలయమది. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్ర నొకదానిని నేటికిని అచ్చట భద్రపరచియున్నారు. పాత పత్రికల సంపుటములను వెదకికొనుచు దూరదేశముల పరిశోధకులు సైతము ఈ ఊరికి వత్తురు. అందరును చేతికర్రను చూతురు, పత్రికలను చూతురు; ఆ పుట్టుకలోని ‘యువజన’ యను మాటను మాత్రము ఎవ్వరును చూచినట్లు లేదు. నూరేండ్లు దాటిన సంస్థ గనుక దానిని వృద్ధులే పుట్టించియుందురని మనస్సునకు ఒక భ్రాంతి. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రయంతయు ఈ భ్రాంతికి విరుద్ధముగానే నడచినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను సమకూర్చుటకు ఊరూరు తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి అప్పటికి పాతికేండ్లు నిండలేదు. 1935లో కాలువలపై పడవలో పుస్తకములను పల్లెలకు చేర్చిన పాతూరి నాగభూషణముగారు ముప్పదికి లోపలివారే. వారు యువజన విభాగముల కార్యదర్శులు కారు. సంస్థయే వారిది.

ఈ ఆలోచనతోనే ఆ గ్రామము చేరితిని. వీధి మొదట అడుగిడినది మొదలు మగ్గముల చప్పుడు చెవిని బడుచునే యుండెను, కాని నా మిత్రుడు చెప్పినట్లు, ముప్పది యేండ్లనాడు ఆ వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడెడిది కాదు. ఇప్పుడు చప్పుళ్ళను లెక్కింపవచ్చును. పఠనమందిరము పెంకుటిల్లు. ముందర నాపరాతి అరుగు, లోపల పొడవైన బల్ల, గోడకు చేరవేసిన నాలుగు ఇనుప బీరువాలు. బీరువాలకు తాళములు. తాళపుచెవులు కోశాధికారిగారి మొలత్రాట. పుస్తకము కావలసినవారు ఆయన దుకాణము మూసి వచ్చువరకు వేచియుండవలసినదే. ఆయన దుకాణము మూయునప్పటికి పఠనమందిరమును మూయు వేళ యగును. దీనిని నాకు వివరించినప్పుడు ఆయన ముఖమున అపరాధభావ మిసుమంతయు లేదు. "పోతే ఎవరండీ బాధ్యులు?" అని నన్నే యడిగెను.

యువకులకు సంఘములో చోటు లేకపోలేదు. పదునైదేండ్ల క్రిందటనే ‘యువజన విభాగ’ మేర్పడినదట. వార్షికోత్సవమునకు కుర్చీలు మోయుట, ముఖ్య అతిథికి స్టేషనుకు ఎదురేగుట, టిఫిను పొట్లములు పంచుట దాని విధులు. విని నవ్వితిని గాని, ఆ నవ్వులో కొంత నాపై నాకే. నా యిరువదవ యేట ఒక సాహిత్య సంఘమువారు నన్ను యువజన కార్యదర్శిగా నెన్నుకొనగా, మూడేండ్లపాటు షామియానా గుంజలు పాతించుటయు, కవులకు సోడాలు తెప్పించుటయు నిర్వహించి, ఒక్క సమావేశమునందైనను నోరు విప్పు నవకాశము లభింపక, ఆ పదవిని విజిటింగు కార్డుపై అచ్చు వేయించుకొని తృప్తిపడితిని. ఆ కార్డు ఇప్పటికిని ఎక్కడనో కలదు.

ఈసారి పెద్దలను కదిలించిన కారణమును అధ్యక్షులవారు దాచలేదు. కార్యవర్గమున తొమ్మండుగురు, అందరికంటె చిన్నవానికి యేబది యెనిమిది. ఇద్దరు పోయిరి, ఒకరు హైదరాబాదున కొడుకువద్దకు చేరిరి. "మేము పోతే ఈ తాళాలు ఎవరికివ్వాలిరా అనుకుంటే ఒక్క పేరు తోచలేదు. అప్పుడు భయం వేసింది" అని ఆయన నాతో మెల్లగా చెప్పెను. ఆదర్శములకంటె భయము మంచి ప్రారంభమని నాకు అనేక సంస్థల విషయమున అనుభవము.

సమావేశమునకు పదునొకండుగురు వచ్చిరి. పదునైదు మొదలు ఇరువదిరెండేండ్ల ప్రాయమువారు, ఆరుగురు బాలికలు. ఒకడు డిగ్రీ చదువుచు పగలు జీడిపప్పు కర్మాగారమున పనిచేయువాడు, ఒకతె ఇంటర్మీడియట్ విద్యార్థిని, ఇంటివద్ద తల్లితో కండెలు చుట్టునది. పెద్దలు సమావేశమును ఆదివారము ఉదయము పదిగంటలకు నిర్ణయించియుండిరి. కర్మాగారపు కుర్రవాడు లేచి, తనకు ఆదివారము దినకూలి రెట్టింపనియు, ఈ దినము దానిని పోగొట్టుకొని వచ్చితిననియు, ఇక ముందు సాయంకాలము ఏడు గంటలకైన వత్తుననియు చెప్పినప్పుడు సభలో ఒక్క క్షణము నిశ్శబ్దము కలిగెను. యువకులు రారు, వారికి ఆసక్తి లేదు అని మనము వగచునప్పుడు గడియారము వంక ఎవరైనను చూచితిమా?

పిమ్మట నియమావళి చర్చకు వచ్చినది. ఇచ్చట చట్టపు చిక్కొకటి కలదు. పదునెనిమిదేండ్లు నిండనివారు మన శాసనముల దృష్టిలో మైనర్లు. వారు చేసిన ఒప్పందము చెల్లదు, సంఘము పక్షమున పత్రములపై సంతకము వారిచేత చేయింపరాదు. ఈ సాకు చెప్పియే పలు సంస్థలు పిల్లలను బల్లకు దూరముగా నుంచుచున్నవి. 1989లో రాజ్యాంగపు అరువదియొకటవ సవరణ వోటు వయస్సును ఇరువదియొకటినుండి పదునెనిమిదికి దించినది. ఆ యేటనే ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని పండ్రెండవ అధికరణము, తమకు సంబంధించిన విషయములలో బాలల అభిప్రాయమునకు వారి వయస్సుకు, పరిణతికి తగిన విలువ నీయవలెనని చెప్పినది. 1992లో భారతదేశము దాని నంగీకరించినది. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడొకడు ఈ రెంటిని చెప్పి, సంతకము చేయుటకు అర్హత వేరు, నిర్ణయించుటకు అర్హత వేరు అని వాదించెను. ఆ భేదము గ్రహింపబడిన పిమ్మట పని సులభమయ్యెను. మండలిలో పదునెనిమిది నిండిన ఇద్దరిని మండలివారే యెన్నుకొని కార్యవర్గమునకు పంపవలెననియు, వారికి పెద్దలతో సమానముగా వోటుండవలెననియు, ఇందుకై సంఘపు నియమావళిని సర్వసభ్య సమావేశమున సవరింపవలెననియు వ్రాసికొనిరి. మండలి పదవీకాలము రెండేండ్లు. ఏటేట సగము మంది తప్పుకొందురు, పాతవారు కొత్తవారికి పని నేర్పి పోవుటకు. ఈ యేర్పాటు మగ్గముపై పడుగు అతుకుటవంటిదని నేత వృత్తిలోని సభ్యుడొకడనెను: పాత పడుగు పూర్తిగా అయిపోకముందే దాని కొసలకు కొత్త పోగులను ముడివేయుదురట; అయిపోనిచ్చినచో అచ్చులో మరల నొక్కొక్క పోగును దూర్చుకొనవలసివచ్చునట.

అంతవరకు సభ సాఫీగా సాగినది. అప్పుడు కండెల పిల్ల లేచెను.

"మాస్టారూ, మేము చేసిన తీర్మానం మీకు నచ్చకపోతే ఏం చేస్తారండీ?"

"చర్చిస్తామమ్మా."

"చర్చించాక కూడా నచ్చకపోతే?"

అధ్యక్షులవారు కండువా సవరించుకొనిరి. "అప్పుడు… పెద్దల మాట కదమ్మా."

"సరేనండి. ఎందుకు నచ్చలేదో కాగితం మీద రాసిస్తారా? నోటితో చెబితే మర్నాటికి మారిపోతుందండి."

కోశాధికారిగారు "ఇదేం కోర్టా?" అనిరి. ఎవ్వరును నవ్వలేదు. నేను సాక్షిగా వచ్చినవాడనే గాని మాటాడుటకు వచ్చినవాడను కాను. అయినను నా పాత విజిటింగు కార్డు గుర్తు వచ్చి, ఆ పిల్ల యడిగినది న్యాయమని యంటిని. చాలసేపటికి, కాదన్న తీర్మానమునకు పదునైదు దినములలో వ్రాతపూర్వకముగా కారణ మీయవలెనని నియమము చేర్చిరి. నాకు తెలిసినంతలో ఈ నియమము లేని యువమండలి కుర్చీలు మోయు విభాగముగా మారుటకు ఏడాది చాలును.

డబ్బు సంగతి వచ్చినప్పుడు కోశాధికారిగారే చిత్రముగా దారి చూపిరి. మూడు నెలలకు మూడువేల రూపాయలు మండలికి. చెక్కుపై సంతకము ఆయనదే, కాని బిల్లు సరిగానున్నంతవరకు ఖర్చు మంచిదా చెడ్డదా అని యడుగు నధికారము ఆయనకు లేదు. "లెక్క మాత్రం చూస్తాను. లెక్క చూడకపోతే నాకు అన్నం సహించదు" అనిరి. సహింపకుండుగాక, లెక్క వ్రాయుట నేర్పువాడు ఆ పిల్లలకు ఆయనకంటె దొరకడు.

ఇక వారు తమ సంచాలకుని ఎన్నుకొనవలెను, తొలి తీర్మానము చేయవలెను. పెద్దలు బల్ల చుట్టు స్థిరముగా కూర్చుండియుండిరి. కర్మాగారపు కుర్రవాడు చేతులు నలుపుకొనుచు, "మాస్టారూ, ఒక అరగంట…" అని ఆగెను. అధ్యక్షులవారికి మొదట అర్థము కాలేదు. అర్థమైన పిమ్మట ఆయన లేచి, చెప్పులు వెదకికొని, వెలుపలికి నడచిరి. తక్కినవారు ఒకరి ముఖమొకరు చూచికొని వెంబడించిరి. తలుపు లోనుండి దగ్గరగా వేయబడెను.

అరుగుపై మేమేడుగురము. టీ వచ్చినది. లోన తొలుత గుసగుసలు, తరువాత ఒకేసారి నలుగురి కంఠములు, తరువాత బల్లపై చరచిన చప్పుడు. పఠనమందిరము రాత్రి తొమ్మిదివరకు తెరచియుండవలెనని యొకరు, పోటీపరీక్షల పుస్తకములు కొనవలెనని యొకరు. అంతలో కంఠములు కలిసిపోయెను. ఆ వెనుక పదునొకండుగురును ఒక్కసారిగా ఫక్కున నవ్విరి.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని కోశాధికారిగారు అధ్యక్షులవారి నడిగిరి. ఆయన తెలియదన్నట్లు తల యూచిరి. కోశాధికారిగారి చేయి తెలియకయే మొలత్రాటివైపు పోయి, గుత్తినుండి బీరువా తాళపుచెవుల నొక్కటొక్కటిగా వేరుచేయసాగెను. ఒకటి బిగిసికొనిపోయి ఎంతకును ఊడి రాలేదు. నా రైలుకు వేళయైనది. నేను సెలవు తీసికొనునప్పటికి ఆయన దానిని పంటితో లాగుచుండెను.