కప్పల తొట్టి: సగము నేల, సగము నీరు

చిలుకను, కుక్కపిల్లను, రంగుచేపలను పెంచువారిని మనమెరుగుదుము. కప్పలను పెంచితిమన్నచో నవ్వనివారుండరు. అయినను విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్టునకు నడకదూరమున నున్న మా యింట, క్రిందటి వానకాలము మొదలు ఈ తొలకరివరకు రెండు కప్పలు కాపురముండినవి. బిడ్డలతో కలిసి చేయదగిన పని గనుక ఆ వివరము వ్రాయుచున్నాము.

మా ప్రక్క ఖాళీస్థలమున వాననీరు నిలిచి గుంటయైనది. అందు జిగురుపేటలలో నల్లని గ్రుడ్లు, పిమ్మట తోకకప్పలు కనబడినవి. అవి కుండల క్రింద, గోడల మూలల నక్కి యుండు గరుకుచర్మపు కప్పల సంతానము. ఇల్లు కట్టుటకై ఆ గుంటను పూడ్చెదరని తెలియగానే పిల్లలు గిన్నెలు పుచ్చుకొని బయలుదేరిరి. మా అత్తగారు మాత్రము, “కప్ప చేరినచోటికి పాము చేరును” అని వారించిరి. ఆ మాట తీసివేయదగినది కాదు. కనుకనే తొట్టికి గట్టి మూత యుండవలెనని మొదటనే నిశ్చయించితిమి.

తోకకప్పకు ముందు వెనుకకాళ్ళు, తరువాత ముందుకాళ్ళు వచ్చును. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేయసాగును. నోరు మారుచున్న ఆ దినములలో అది మేత ముట్టదు; కరగిపోవు తోకయే దానికి చద్దిమూట. అప్పుడు ఎక్కుటకు ఒడ్డు లేకున్నచో నీటిలో పుట్టిన ఆ ప్రాణి నీటిలోనే మునిగి చచ్చును. పొరుగింటి పిల్లలు బిందెలో నుంచినవాని కిట్లే జరిగినది. తొట్టిలో సగము నేల యుండవలెననుట వేడుకకు గాదు, ప్రాణరక్షణకు.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల అద్దాలతొట్టి నడుమ నాలుగంగుళముల యెత్తు పలకను జిగురుతో అంటించి, వాసన పోవువరకు ఆగితిమి. ఒకవైపున అంగుళము మందము గులకరాళ్ళు, వానిపై దోమతెర ముక్క, ఆపైన ఎరువు గాని పురుగుమందు గాని తగులని మన్ను పోసితిమి. పగిలిన కుండపెంకు నొకదానిని బోర్లించితిమి. పగలు దాగుటకు అదియే గుహ. రెండవవైపున రెండంగుళముల నీరు పోసి, నాపరాతి ముక్కలను మెట్లుగా పేర్చితిమి. కాళ్ళు వచ్చిన పిమ్మట నీటిని అరంగుళమునకు తగ్గించితిమి. దోమతెర బిగించిన చట్రమే మూత.

కప్ప నోటితో నీరు త్రాగదు. చర్మముతో, ముఖ్యముగా పొట్ట యడుగుభాగముతో పీల్చుకొనును. నీటి మలినమంతయు దాని యొంటికే పట్టును. కుళాయినీటిలోని క్లోరిను హానికరము గనుక వెడల్పు గంగాళములో ఒకదినము నిలువయుంచి వాడితిమి. రెండు దినముల కొకసారి నీరు మార్చితిమి; లేనిచో దోమలు గ్రుడ్లు పెట్టును. బెజవాడ యెండలో తొట్టిని నీడను ఉంచి, మన్ను తడియారకుండ చూచితిమి.

కదలని మేతను కప్ప ముట్టదు. మొదట చిన్నచీమలు, చెదలు, పెరిగినకొలది కీచురాళ్ళు, వానపాములు సాయంకాలమున వేసితిమి. మందు చల్లిన యింటి బొద్దింకలను వేయరాదు. మ్రింగునప్పుడు కన్నులను లోనికి నొక్కుకొని, వానితోనే మేతను గొంతులోనికి త్రోయును! కప్పను ముట్టిన పులిపిరులు వచ్చుననుట నిజము కాదు. కాని దాని కన్నుల వెనుక విషగ్రంథులు కలవు; ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

పిల్లకప్పలు తోకలుడిగి ఒడ్డెక్కగనే, వీధిచివరి గుడి పూలతోటలో విడిచితిమి. మా చిన్నది రెండింటిని మాత్రము విడువనీయలేదు. ఈ తొలకరి రాత్రి వెలుపల కప్పలు కూయుచుండగా అవి అద్దమునకు మూతులు రాచుకొనసాగినవి. “ఇన్ని చేసితిమిగదా, తొట్టి చాలదా అమ్మా?” యని అది కన్నీరు పెట్టుకొనెను. “పుట్టింటివారెంత చూచినను మీ మామ్మ తన యిల్లు తనకు కావలెనన్నది కాదా?” యని అత్తగారే దానిని ఒడిలోనికి తీసికొనిరి. మరునాటి సంజవేళ అదియే తన చేతులతో వానిని తోటలో దింపెను.

వానలు లేనప్పుడు రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి యని యింటింట నీళ్ళు పోయించుకొనుట మన పల్లెల ఆచారము. కప్పకాళ్ళ యెగుమతిని 1987లో ప్రభుత్వము నిషేధించినది. పొలములలో పురుగులను తిను ఆ ప్రాణుల విలువ అంతటిది. నేడు వన్‌టౌన్ పెరళ్ళన్నియు సిమెంటుతో మూతపడుచున్నవి. తొట్టి కొన్నాళ్ళ ఆశ్రయమే. మీ పెరటిలో ఒక్క మూలనైనను తడిమన్నుగా విడిచి, ఒక పెంకును బోర్లించి యుంచుడు. చేరవలసినవి తామే చేరును.