బంగారు గనుల ప్రక్కన వెలసిన పేట

మన నెల్లూరు తీరము వారికి గని అనగానే గూడూరు, సైదాపురం వైపు అభ్రకపు గనులే గుర్తుకు వస్తాయి. బంగారు గనుల ప్రాంతము చూడగోరి మేము చిత్తూరు జిల్లా సరిహద్దు దాటి కర్ణాటకలోని కోలారు గనులకు వెళ్లాము.

బంగారుపేట జంక్షనులో దిగి, మారికుప్పం వెళ్లే రైలు ఎక్కాము. ఈ చిన్న మార్గము 1894లో గనుల కొరకే వేయబడినది. దారిలో ఒక స్టేషను పేరు చూసి ఆశ్చర్యపడ్డాము. అది కోరమాండల్! మన సముద్రతీరానికి పరదేశులు వాడిన పేరే, సముద్రము కనబడని ఆ మెట్టనేలలో ఒక గనికి పెట్టారు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్లేయ కంపెనీ ఇక్కడ పని చేపట్టినది. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు కూడా వచ్చినది. పనికి మాత్రము మనుషులు కావాలి. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి, అనగా నేటి చిత్తూరు, వేలూరు ప్రాంతాల నుండి, భూమి లేని పేద కుటుంబాలు వచ్చాయి. వారిలో చాలామంది దళితులు. తమిళము, తెలుగు మాట్లాడే వీరు కంపెనీ కట్టించిన ఇరుకు గుడిసెల వరుసలలో కాపురమున్నారు. వాటిని 'లైన్లు' అనేవారు.

గనులకు చేరువలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి యేండ్లలో ఒక పేట వెలసినది. మైసూరులో బ్రిటిషు రెసిడెంటుగా ఉన్న డోనాల్డ్ రాబర్ట్‌సన్ పేరున దానిని రాబర్ట్‌సన్‌పేట అన్నారు. తిన్నని వీధులు వేసి, అంగళ్లకు, ఇండ్లకు స్థలములు ఏర్పరచారు. గని కూలీలు బియ్యము, గుడ్డలు కొనుక్కొనుటకు ఇక్కడికే వచ్చేవారు. ఇప్పుడు ఆ ఊరి పురపాలక సంఘము పేరు కూడా రాబర్ట్‌సన్‌పేటయే.

గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగాయి. సుమారు 800 టన్నుల బంగారము పైకి వచ్చినది. లోపల రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారు, బండలు పగిలి మీదపడి చనిపోయినవారు అనేకులు. తవ్విన వారి ఇంట మాత్రము ఆ బంగారము నిలువలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. కంపెనీ క్వార్టర్లలో ఉన్నవారు ఇంటి హక్కు కొరకు యేండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చినది. గనుల మట్టి దిబ్బలు ఇంకా కొండలవలె నిలిచి ఉన్నాయి. అయినా ఊరు ఖాళీ కాలేదు. తెల్లవారక ముందే వేలమంది బెంగుళూరు పనులకు రైలెక్కి, రాత్రికి తిరిగి వస్తారు. తాతలు గనిలోకి దిగిన యిండ్ల నుండి మనుమలు చదువుకొని ఉద్యోగాలకు వెళ్తున్నారు.

బంగారము ఊరు దాటి పోయినది. కూలికి వచ్చిన కుటుంబాలు మాత్రము నిలిచి, ఆ పేటను తమ సొంత ఊరుగా చేసుకొన్నాయి. మన పల్లెల నుండి నేడు దూరపు పనులకు పోతున్న వారిని తలంచుకొన్నప్పుడు, వారికి కూలితోపాటు నిలువ నీడ కూడా దొరికినదా అని మనము అడిగి తెలుసుకోవాలి.