దరఖాస్తు కూడా సాక్ష్యమే

బ్రిటన్ 2023లో ప్రవేశపెట్టిన ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాకు మా పూర్వ విద్యార్థి ఒకడు దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్నాడు. భార్య వీసాకు వివాహ ధ్రువపత్రం అవసరమై, మేము అతనితో నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డుకు వెళ్ళాము.

అనంతరం అబిడ్స్‌లో ఒక ఏజెంటు, లేని కొనుగోలుదారులను ఉన్నట్లుగా వ్యాపార ప్రణాళికలో వ్రాయమన్నాడు.

వ్యాపార ఆలోచన కొత్తదనీ, నిలబడగలదనీ, విస్తరించగలదనీ ముందుగా గుర్తింపు పొందిన సంస్థ ఆమోదించాలి. వీసా వచ్చిన 12, 24 నెలలకు పురోగతిని మళ్ళీ పరిశీలిస్తారు. ఆమోదం రద్దయితే భార్యాబిడ్డల నివాసమూ ప్రమాదంలో పడుతుంది.

నికాహ్‌నామాపై సాక్షుల సంతకం ఎంతటి అమానతో, ప్రణాళిక క్రింద చేసే సంతకమూ అంతే అని మేము చెప్పాము. అతడు తనకున్న ఇద్దరు కొనుగోలుదారులనే చూపాడు. ఆమోదం ఆలస్యం కావచ్చు. ఉపాధి ప్రదాత అల్లాహ్. సత్యం పలకడం మన బాధ్యత.